మూడో ముంత

నిన్న పొద్దున ఆరూ నలభైకి కుళాయిలో నీళ్లు వచ్చాయి. ఎగువన ఎక్కడో వాన పడ్డట్టుంది, ఎర్రగా ఉన్నాయి. బకెట్ నింపి పక్కన పెట్టి, స్నానం సంగతి మరచి, అందులో మన్ను ఎలా దిగుతోందో చూస్తూ నిలబడ్డాను. ముందు ఇసుక దిగింది. మెత్తటి మన్ను మాత్రం నేను టీ తాగి వచ్చినా ఇంకా తేలుతూనే ఉంది. మా ఇంటావిడ వచ్చి చూసి, "ఇగ మొదలువెట్టిండ్రా?" అని లోపలికి వెళ్లిపోయింది. నాకు ఈ అలవాటు అంటించిన మనిషి పోయి నెల కావస్తోంది. ఆయన గురించి పెద్ద పెద్ద మాటలు రాస్తే ఆయనే ఎర్ర పెన్నుతో కొట్టేసేవాడు. అందుకని ఆయన బతికుండగానే మేము ఆయన్ను ఒకసారి చంపిన సంగతి మాత్రం రాస్తాను.

ఆ రోజుల్లో (ఎంతో పాతకాలం కాదు, అప్పటికే అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి) సివిల్ ఇంజినీరింగ్‌లో చేరినవాణ్ని చుట్టాలు కొంచెం జాలిగా చూసేవారు. మా మేనమామ అయితే నా ముందే మా అమ్మను, "గంత సదివిచ్చి మేస్త్రిని జేస్తున్నవా అక్కా?" అని అడిగాడు. మాది తిరుమలగిరి. మెట్ట ప్రాంతం. పారే నీళ్లంటే మాకు బోరు మోటారు పైపులోంచి పడే ధార, అది కూడా కరెంటు ఉన్నప్పుడే. అలాంటి నేను సూర్యాపేటలో చదువుతూ నాలుగో ఏడు నదుల పేపర్ తీసుకోవడానికి కారణం నది మీద ప్రేమ కాదు, ఆ క్లాసు మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోతుందని. నా పక్కన కూర్చునేవాడిది కోదాడ. ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి క్యాంటీన్‌లో ప్లేట్లు కడిగే పిల్లవాడి దాకా అందరినీ 'అండీ' అనేవాడు కాబట్టి వాడి పేరే 'అండీ' అయిపోయింది.

ఆ పేపర్ చెప్పే ఆయన్ను మేట సారు అనేవాళ్లం. వరద తీసిపోయాక పొలంలో మిగిలే ఇసుకను మేట అంటారు కదా, ఆయన ఏ పాఠం మొదలుపెట్టినా చివరికి అక్కడికే వచ్చేవాడు. నది మన్నును మూడు రకాలుగా మోస్తుందని చెప్పడానికి బోర్డు మీద సూత్రాలు రాసే ముందు సూర్యాపేట బస్టాండును తెచ్చేవాడు. "హైదరాబాద్ బస్సొచ్చిందనుకోండ్రి. లోపల నిమ్మళంగ కూసొని పోయేటోడు తేలే మన్ను. ఫుట్‌బోర్డు మీద ఎక్కుకుంట దిగుకుంట పోయేటోడు ఎగిరే ఇసుక. బస్సు ఎంబడి ఉరికేటోడు అడుగున దొర్లే గులకరాయి. ఇగ చెప్పుండ్రి, బస్సు స్లో అయితే ముందుగాల ఎవడు ఆగిపోతడు?" అండీ లేచి, "టిక్కెట్టు తీసుకోనోడండి" అన్నాడు. సారు నవ్వలేదు. కొంచెంసేపు ఆలోచించి, "బరువున్నోడురా" అన్నాడు. ఆయన ఏ జవాబునైనా ముందు నిజంగానే ఆలోచించేవాడు. అదే ఆయనతో చిక్కు, అదే ఆయన గొప్ప.

ఆయనకు ఒక కోరిక ఉండేది. మేము చదివే పుస్తకంలో ఎక్కడెక్కడి నదుల లెక్కలూ ఉన్నాయి. మన పక్కనే పారే మూసీ ఏం మోస్తుందో, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిశాక ఆ మన్ను ఏమవుతుందో ఒక్క వాక్యం లేదు. వచ్చే ఏడు ఆయన రిటైర్మెంట్. ఈలోపు మూసీకి మంచి వరద వస్తే, మూసీ మన్ను ఒకటి, కృష్ణ మన్ను ఒకటి, రెండూ కలిసిన చోట మన్ను ఒకటి, ఒకేరోజు తీయించి, జల్లెడ పట్టి, పిల్లల ముందు పెట్టాలని ఆశ. కొన్నేళ్లుగా వరద రాలేదు. వచ్చిన రోజుకు ఆయన మోకాలి ఆపరేషన్ చేయించుకుని మంచం మీద ఉన్నాడు. మూసీ గేట్లు ఎత్తారని తెలిసి మా ఇద్దరినీ ఇంటికి పిలిపించాడు. మంచం కింద మూడు కొత్త మట్టి ముంతలు ఉన్నాయి, అప్పటికే తూకం వేసినవి. "ప్లాస్టిక్ డబ్బల నీళ్లు నిలుస్తయిరా, బస్సు కుదుపుకు అంత కలిసిపోతది. కొత్త ముంతయితే నీళ్లు ఊరిపోతయి, మన్ను ఉన్నదున్నట్టు కూసుంటది. పసిపిల్లను తెచ్చినట్టు తేవాలె. మల్ల గిసొంటి వరద నా సర్వీసుల రాదు."

మర్నాడు పొద్దున్నే వాడపల్లి వెళ్లాం. అనుకున్న మూడు చోట్లా తీశాం. మూసీ మన్ను నల్లగా, కృష్ణ మన్ను కొంచెం ఎర్రగా ఉంది. రెండూ కలిసిన చోటుకు సులువైన దారి స్నానాల మెట్లే, అందుకని మూడోది ఆ మెట్ల కింద తీశాం. వంగినప్పుడు అలొకటి ముఖానికి కొట్టి నా కళ్లలో మన్ను పడింది. అంతవరకు బాగానే ఉంది. ముంతలకు మూతలు తేవడం మరచిపోయామని అప్పుడు గుర్తొచ్చింది. ఏ ముంత ఏదో తెలియడానికి సుద్దముక్కతో వేసిన గుర్తులు నీళ్లకు చెరిగిపోయాయి. ఒడ్డున కొట్లు ఉన్నాయి కానీ, అక్కడ వాడపల్లికి జనం ఎందుకు వస్తారో ఆ పనికి కావలసినవే అమ్ముతారు. తెల్లబట్ట, పసుపు, కుంకుమ, దారం, కర్పూరం. (చనిపోయినవాళ్ల బూడిద గంగలో కలపడానికి ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడికే వస్తాయి. ఏ నదైనా ఆ పనికి గంగే.) మేము తెల్లబట్ట కొని మూడు ముక్కలు చేసి ముంతల మూతులకు కట్టాం. మూసీ ముంతకు కుంకుమ, కృష్ణ ముంతకు పసుపు, కలిసినదానికి రెండూ పెట్టాం. గుర్తుపట్టడానికి ఇంతకంటే తెలివైన పద్ధతి ఉండదని అండీ నా భుజం తట్టాడు.

కొట్టాయన మమ్మల్నే చూస్తున్నాడు. "ఎవరికి బిడ్డా?" అన్నాడు మెల్లగా.

"మా సారుకండి" అన్నాడు అండీ.

"పెద్దమనిషేనా?"

"వచ్చే ఏడు రిటైరవ్వాలండి."

"అయ్యో. ఏమైంది మరి?"

"మోకాలి ఆపరేషనండి."

"మోకాలికేనా!" కొట్టాయన చాలాసేపు తల ఊపాడు. "దేన్నీ నమ్మేటట్టు లేదు బిడ్డా" అని ఒక కర్పూరం పొట్లం ఊరికే చేతిలో పెట్టాడు. ఈ ఊరివాళ్లు ఎంత మర్యాదస్తులో అనుకుంటూ బస్సెక్కాం.

బస్సులో ఆ మర్యాద ఇంకా పెరిగింది. మేము ఎక్కగానే ఇద్దరు లేచి సీట్లిచ్చారు. పాటలు వింటున్నవాడు ఫోన్ ఆపేశాడు. కండక్టరమ్మ టిక్కెట్లు కొట్టి చిల్లర ఇస్తూ, "పైలం" అని మాత్రం జాగ్రత్త చెప్పింది. నేను రెండు ముంతలు, అండీ ఒకటి ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాం. నా ఎదుటి సీటులో ఒక పెద్దమ్మ, ఆమె పక్కన కొత్తగా గుండు చేయించుకున్న ఆమె మరిది ఉన్నారు. నా కళ్లు ఎర్రగా ఉండి నీళ్లు కారుతున్నాయి. (మన్ను పడిందని చెప్పాను కదా.) ఆమె కాసేపు చూసి, ముందుకు వంగి నా తల మీద చెయ్యి వేసింది.

"ఏడ్వకు కొడుకా. మా ముసలాయన్ను గూడ పొద్దుగాల్నే గంగల కలిపినం. ఏం జేస్తం? మీకు ఆయన ఏమైతడు?"

"సారండి" అన్నాడు అండీ.

"సారు కోసం ఇంతదూరం వచ్చిండ్రా! గీ కాలంల ఎవలొస్తరు? మంచి పిల్లలు." అని మరిదికేసి చూసింది, నేర్చుకో అన్నట్టు. తర్వాత ముంతలు చూసి, "ఒక్కనికి మూడు ముంతలేంది కొడుకా?" అంది.

"మూడు చోట్ల తీసినం పెద్దమ్మా" అన్నాను.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెనక సీటులో ఎవరో "లారీ గుద్దినట్టున్నది" అనడం వినిపించింది. నాకు అప్పటికీ వెలగలేదు. ఇప్పుడు తలచుకుంటే, అన్ని మార్కులు తెచ్చుకున్న నా బుర్ర ఆ బస్సులో ఏం చేస్తోందో అర్థం కాదు.

"మరి బస్సు గిటు పోతున్నది కదా. వాడపల్లి ఎనకనే పాయె. ఎప్పుడు కలుపుతరు?"

"కలిసిన కాడి నుంచే తెస్తున్నం పెద్దమ్మా. సూర్యాపేటకు తీస్కపోతున్నం."

పెద్దమ్మ సీటులో వెనక్కి జరిగింది. "గంగల నుంచి ఎనక్కి తెస్తున్నరా?" అంది ఆమె.

"సార్‌కి కావాలండి, ఎండబెట్టి జల్లెడ పట్టాలండి" అన్నాడు అండీ, సాయం చేస్తున్నాననుకుని.

ఇక చెప్పేదేముంది? కలిపినదాన్ని తిరిగి ఊళ్లోకి తేవడం ఏమిటని ఒకరు, బస్సు ఆపండని ఒకరు, వీళ్ల వాలకం మొదటినుంచీ తేడాగానే ఉందని, మాకు సీటిచ్చినవాడే ఒకడు. కండక్టరమ్మ విజిలేసి బస్సు ఆపించింది. ముంతలు పైకెత్తి పట్టుకుని, "ఇది మనిషి కాదు, మన్ను! ఉత్త మన్ను!" అని అరిచాను.

పెద్దమ్మ నావైపు జాలిగా చూసింది. "అందరం మన్నే కొడుకా" అంది.

అండీ ఫోన్ తీసి సారుకు కలిపి, అందరికీ వినబడేలా పెట్టి, "మోకాలి ఆపరేషనైన మా సారు సంగతి మీరే అడగండి" అంటూ కండక్టరమ్మ చేతికిచ్చాడు.

"సార్, మీ కాలేజీల మోకాలి ఆపరేషనైన సారు ఒకాయన ఉండెనట..."

"నేనేనమ్మా."

"మీరు కాదు సార్, పోయిన సారు."

"నేనేడికి వోయిన? మంచం మీదనే ఉన్న కద."

బస్సంతా ఒక్కసారి నవ్వింది. పెద్దమ్మ కూడా కొంగు తీసి నవ్వింది. (ఆమె మరిది నవ్వలేదు. గుండు చేయించుకున్నందుకు నవ్వకూడదనుకున్నాడేమో.) కండక్టరమ్మ జరిగిందంతా చెప్పింది. తాను చచ్చిపోయిన సంగతి సారు పట్టించుకోలేదు. "ముంతలు కదిలినయా? నిలువునే పట్టుకున్నరా?" అని అడిగాడు. ఆయన గొంతులో ఆదుర్దా విని పెద్దమ్మ ఫోన్ తన చేతిలోకి తీసుకుంది.

"సారూ, నువ్వు గంగ సంగతి సదువుకున్నోనివట. ఒక్కటి చెప్పు. మేం కలిపింది ఏడికి పోతది?"

మామూలుగా ఎవరైనా స్వర్గానికి పోతుందమ్మా అని ఫోన్ పెట్టేస్తారు. సారు ఎప్పటిలాగే కొంచెంసేపు ఆలోచించాడు. "బూడిద తేలికది తల్లీ. నీళ్లతోని కలిసి పోతనే ఉంటది. కాలని బొక్కలు బరువు కద, అవి అడుగున మెల్లగ దొర్లుతయి. వరదొచ్చినప్పుడల్ల కొంచెం ముందటికి పోతయి. కింద పులిచింతల కట్ట ఉన్నది, ఆడ నీళ్లు నిమ్మళిస్తయి. కొంత ఆడ ఆగుతది."

"ఆగుతడు, ఆగుతడు" అంది ఆమె. "చాయ్ హోటల్ కనవడితె ఆగకుంట ముందటికి పోయిన మనిషి కాదు." మళ్లీ నవ్వారు. ఆమె నవ్వలేదు. స్నానాల మెట్ల కింద తీసిందని అండీ అప్పటికే చూపించిన మూడో ముంతకేసి చూస్తూ అడిగింది. "మరి ఈ పోరగాళ్లు మెట్ల కాడనే ముంచిండ్రట. మేం కలిపినంకనే వచ్చినట్టుండ్రు. ఈ ముంతల మా ఆయన ఉన్నడా సారూ?"

అండీ ఫోన్ దగ్గరికి వంగి, "లేడని చెప్పేయండి సార్" అని గుసగుసలాడాడు. అది కూడా బస్సంతా వినిపించింది.

"ఎట్ల చెప్తరా?" అన్నాడు సారు. "తల్లీ, ఉండొచ్చు. లేకపోవచ్చు. కొంచెమన్న ఉండొచ్చు."

"దీన్ని జల్లెడ పడ్తవా?"

"అనుకున్న. ఇప్పుడు పట్టను." "ఒరేయ్, ఆ ముంత ఆమెకు ఇయ్యండ్రిరా."

నేను ఇవ్వలేదు. ఎన్నేళ్లు ఆ వరద కోసం చూశాడో నాకు తెలుసు. ఆ మూడోది లేకపోతే మిగతా రెంటితో పని లేదనీ తెలుసు. "సార్, మళ్ల వరద..." అన్నాను. "ఇయ్యిరా" అన్నాడు, గొంతు పెంచకుండా. ముంత ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె రెండు చేతులూ చుట్టూ వేసి పట్టుకుంది.

ఇప్పుడు దాన్ని కలపడానికి తిరిగి వాడపల్లి పోవాలి. మరిది మొదటిసారి నోరు తెరిచి, "మల్ల గంతదూరమా వదినా? ముందట కాల్వ వస్తది కద" అన్నాడు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే కాలువ అది. పెద్దమ్మ ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. "కాల్వల పోస్తె ఏమైతది సారూ?"

"పొలాల్లకు పోతది తల్లీ."

"ఎవలి పొలం?"

"నీళ్లు ఎవరికి అందితే వాళ్లది. ఇసుక మొదట్లనే ఆగుతది. మెత్తటి మన్ను నీళ్లు పోయినంత దూరం పోతది."

"ఆఖరు మడి దాక?"

"ఆఖరు మడి దాక."

ఆమె ఫోన్ అండీకి ఇచ్చేసింది. సారుతో కాకుండా, మాతో చెప్పింది. వాళ్ల భూమి కాలువకు చిట్టచివర. పైవాళ్లు పెట్టుకున్నాక మిగిలితే నీళ్లు, లేకపోతే లేదు. "జిందగంత ఈ కాల్వ ఎంబడే తిరిగిండు. పారలు వట్టుకొని కొట్లాడిండు. ఠాణాకు గూడ వోయిండు. కాల్వలనే పోస్త" అంది.

కాలువ వంతెన మీద డ్రైవర్ బస్సు ఆపాడు. ఎవరూ ఆలస్యమవుతోందనలేదు. ఆమె దిగి, బట్ట విప్పి, ముంతను మెల్లగా వంచింది. మన్ను తడిగా ఉంది, ఒక్కసారిగా పడలేదు. ముద్దలు ముద్దలుగా పడింది. చివర ముంతను కూడా వదిలేసి, వెనక్కి చూడకుండా వచ్చి బస్సెక్కింది. మేము చూశాం. నీళ్లలో ఒక నల్లటి మరక కాసేపు కనిపించి, సాగి, తర్వాత కనిపించలేదు. సారుకు ఫోన్‌లో ఆ సంగతి చెబితే, "ఇరిగేషనోళ్లకు చెప్పకండ్రిరా, కాల్వల మేట ఏసిండ్రని కేసు వెడ్తరు" అన్నాడు. నవ్వించడానికి అన్నాడు. నాకు నవ్వు రాలేదు. మిర్యాలగూడలో దిగేటప్పుడు పెద్దమ్మ, "సారును మంచిగ సూస్కోండ్రి. ఇంకొకసారి సంపకుండ్రి" అంది.

మిగిలిన రెండు ముంతలూ క్షేమంగా చేరాయి. సారు కర్ర పట్టుకుని ల్యాబ్‌కు వచ్చి తానే జల్లెడ పట్టాడు. మా పట్టికలో మూడో గడి ఖాళీగా ఉండిపోయింది. వైవాకు వచ్చిన ఎగ్జామినర్ అదేమిటని అడిగితే, "కాలువలో కలిపేశామండి" అన్నాడు అండీ, ఇంకేమీ చెప్పకుండా. ఆయన మమ్మల్ని కళ్లద్దాల పైనుంచి చూసి మార్కులు వేశాడు. ఎన్ని వేశాడో చెప్పను. అంతకుముందు రోజు నేను సారుతో, రెంటి సగటు తీసి ఆ గడిలో వేద్దామన్నాను. "రెంటిని కూడి రెండుతోని భాగిస్తే, కలిసినంక ఏమైతదో తెలుస్తదారా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. ఆ తర్వాతి ఏడాది వానలు లేవు. గేట్లు ఎత్తలేదు. ఆయన రిటైరయ్యాడు.

ఇప్పుడు నేను కోదాడలో అదే పేపర్ చెబుతున్నాను. బస్టాండు ఉదాహరణ కూడా చెబుతాను, హైదరాబాద్ బస్సుకు బదులు విజయవాడ బస్సు పెట్టి. పిల్లలు నవ్వుతారు. నేను సొంతంగా కనిపెట్టాననుకుంటారు, నేనూ కాదనను. ఈ వేసవిలో సారును చూడటానికి వెళ్లినప్పుడు ఆయన బాగా చిక్కిపోయి ఉన్నాడు. నా క్లాసులో ఎంతమంది అని అడిగాడు. అరవై అన్నాను. "నది దాక వోయినోళ్లు ఎందరు?" అన్నాడు. అనుమతి పత్రాలు, తల్లిదండ్రుల సంతకాలు, నీళ్ల దగ్గర ప్రమాదమని కాలేజీ భయం, ఇవన్నీ చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను. మా అమ్మాయి ఏ క్లాసు చదువుతోందని ఆయనే మాట మార్చాడు.

ఇప్పుడు మేము నది లెక్కలు తెర మీద చూపిస్తాం. మన్ను తేవడానికి పిల్లలను ఎవరినీ పంపడం లేదు.